చక్రానికి పెట్టిన బొట్టు

పైలట్ సీటు మీద వెల్లకిలా పడి, తల కిందికి జార్చి, పెడళ్ళ మధ్యలో మొహం పెట్టి రెడ్డెమ్మ బుడగల కోసం చూస్తోంది. నలభై దాటిన ఆడమనిషి పడుకోవలసిన తీరు కాదది. కానీ ఆ బుల్లి విమానంలో పెడళ్ళ దగ్గర ఏం జరుగుతోందో చూడాలంటే అంతకంటే మర్యాదైన దారి లేదు. ఆమె పనిచేసే ఇంటి యజమాని బాబా పొట్ట అందులో పట్టదు, మెడ అంత వంగదు. అందుకని రుమైథియాలో అరబ్బుల ఇంట్లో వంటా పనీ చూసుకునే మనిషి ఎడారి అంచున రేకుల షెడ్డులో విమానం బ్రేకులకి కాపలా కాస్తోంది.

అది కొన్న విమానం కాదు, చేసిన విమానం. బాబా చమురు కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాక, ముక్కలు ముక్కలుగా పెట్టెల్లో తెప్పించుకుని ఏళ్ళ తరబడి బిగించుకున్నాడు. మొదట ఇంటి వాకిట్లో మొదలెట్టాడు. రెక్కలు తగిలించే వేళకి వాకిలి చాలక, చిన్న విమానాల వాళ్ళు ఎగిరే మైదానం పక్కన ఈ షెడ్డు తీసుకున్నాడు. కొడుకులు ఒకసారి వచ్చి ఫొటోలు దిగి పోయారు. ఆయన భార్య మామా అయితే దాని మాట ఎత్తితేనే మొహం తిప్పుకునేది. చివరికి దాని కష్టసుఖాలు తెలిసినవాళ్ళు ఇద్దరే మిగిలారు, చేసినాయనా, ఆయనకి టీ కాచే ఆవిడా.

కింద చక్రం పక్కన బాబా చతికిలబడి, నూనె డబ్బా మూతికి గొట్టం తగిలించి నొక్కుతున్నాడు. కార్లకైతే బ్రేకు నూనె పైన పోసి కిందికి లాగుతారట. దీనికి చక్రం దగ్గర ఎక్కించి పైకి తోస్తారు. గాలి ఎలాగూ పైకే పోతుంది, దాని దారిన దాన్ని పోనిస్తే పోట్లాట ఉండదంటాడు బాబా. రోజా షర్బత్ రంగు నూనె పెడల్ దగ్గరి సన్న గొట్టంలోకి ఎక్కుతుంటే, దాంతోపాటు బుడగలూ ఎక్కుతాయి. ఒక్కటి మిగిలినా కాలి కింద పెడల్ మెత్తబడుతుంది. తొక్కిన బలమంతా ఆ గాలిని నలపడానికే సరిపోయి, చక్రం దాకా చేరదు.

"ఖలాస్?" అన్నాడు బాబా కింద నుంచి, అయిపోయిందా అని.

"లా బాబా. ఇంకోటి వస్తోంది. చిన్నది."

రెడ్డెమ్మది వంటింట్లో నేర్చిన అరబిక్. మామా తిట్లలోంచి సగం, టీవీలోంచి సగం. కానీ బాబాకి ఆమె నోటివెంట వచ్చే ఆ ఒక్క మాట చాలు. ఆమె "ఖలాస్" అంటే ఆయన మరి చూడడు, కింద మర బిగించేస్తాడు. ఆ నమ్మకం రెడ్డెమ్మకి తెలుసు. పన్నెండేళ్ళుగా ఆ ఇంట్లో ఆమె చేసిన పులుసుకి కూడా ఉప్పు చూడకుండా ఎవరూ మెచ్చుకోలేదు.

"ఖలాస్ బాబా."

కుడి పెడల్ తొక్కితే కుడి చక్రం, ఎడమ పెడల్ తొక్కితే ఎడమ చక్రం పట్టుకుంటాయి. ముందు చక్రం దాని ఇష్టానికి తిరిగేది కాబట్టి, నేల మీద ఈ విమానాన్ని ఎటు తిప్పాలన్నా ఆ రెండు బ్రేకులే గతి. అందుకే బాబాకి వాటి మీద అంత పట్టు. కారు బ్రేకు నూనె సీసా షెడ్డు గుమ్మం దాటనివ్వడు, దీని రబ్బర్లకి అది విషమట. నూనె ఎక్కించాక రెండు చక్రాల కిందా తెల్ల గుడ్డ పరిచి ఒక రాత్రి వదిలేశాడు. గురువారం పొద్దున చూస్తే గుడ్డల మీద ఎర్రచుక్క లేదు. చూసి చెప్పింది రెడ్డెమ్మే.

"అయితే శనివారం ఎగురుతాను," అన్నాడు బాబా, పెళ్ళి ముహూర్తం చెప్పినట్టు.

రెడ్డెమ్మ చక్రాలని మళ్ళీ ఒకసారి చూసింది.

ఆమె నాయన రాయచోటి దగ్గర లారీ డ్రైవరు. వాళ్ళింట్లో కొత్త బండి ఏదైనా, ఆఖరికి పాత సైకిలు కొన్నా సరే, చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించి, పసుపూ కుంకుమా పెట్టి, అప్పుడు గానీ వీధి మలుపు దాటనిచ్చేవాళ్ళు కాదు. బండికి దేవుడున్నాడా అని వాళ్ళ నాయన ఎప్పుడూ ఆలోచించలేదు. పొద్దున పోయినవాడు ఇంటికి రావాలి, అంతే. మరి ఈయన నేల మీద కూడా కాదు, గాలిలోకి పోతానంటున్నాడు. ఒక్కరైనా ఒక్క చుక్క బొట్టు పెట్టలేదు దీనికి. గురువారం మధ్యాహ్నమంతా రెడ్డెమ్మ కాలుగాలిన పిల్లిలా షెడ్డు చుట్టూ తిరిగింది.

అదే రోజు, ఎప్పుడూ లేనిది, మామా షెడ్డుకి వచ్చింది. డ్రైవరు ఆమెను గుమ్మం ముందు దింపి, కారు నీడలో పెట్టుకున్నాడు. మామా విమానం ఎడమవైపు కుర్చీ వేయించుకుని కూర్చుంది. ముక్కు మీద ముసుగు కొస అడ్డం పెట్టుకుని రెక్కని, చక్రాన్ని, మొగుణ్ణి వరసగా చూసింది. అస్ర్ వేళయిందని బాబా గేటు దగ్గరి చిన్న మసీదుకి నమాజుకి వెళ్ళాడు.

"రెడ్డెమ్మా, కారులో ఫ్లాస్కు ఉంది, తే," అంది మామా.

రెడ్డెమ్మ ఫ్లాస్కు తెచ్చేసరికి మామా కుర్చీలో లేదు. ఎడమ చక్రం పక్కన నిలబడి ఉంది. నల్ల అబాయాకి మోకాళ్ళ దగ్గర దుమ్ము. జపమాల జారిపడి ఉంటుంది, వంగి తీసుకుని ఉంటుంది అనుకుంది రెడ్డెమ్మ.

"టిష్యూ ఇవ్వు," అని మామా వేళ్ళు తుడుచుకుని, ఎండ పడటం లేదని చెప్పి కారులోకి పోయి కూర్చుంది. పోసిన టీ అలాగే ఉండిపోయింది.

ఇంక రెడ్డెమ్మ ఆగలేదు. ఆమె చేతి సంచిలో వంటింటి పసుపు పొట్లం పొద్దుటినుంచే ఉంది. నీళ్ళతో కలిపితే ఈ ఎండకి నిమిషంలో ఎండి రాలిపోతుంది. అందుకని తలకి రాసుకునే కొబ్బరినూనె నాలుగు చుక్కలు అరచేతిలో వేసి పసుపు మెత్తగా కలిపింది. ఎక్కడ పెట్టాలి? ముక్కు మీద పెడితే అందరికీ కనపడుతుంది. రెక్కలు తెల్లగా ఉన్నాయి, మరకవుతుంది. వంగి చూస్తే కుడి చక్రం లోపలివైపు స్టీలు పళ్ళెం ఒకటి తళతళా మెరుస్తోంది, అప్పుడే తోమి పెట్టిన పూజపళ్ళెంలా. దాని మీద మూడు బొట్లు పెట్టింది. చేతికంటింది వృథా ఎందుకని ఇంకాస్త పూసింది. ఆయన్ని ఇంటికి తీసుకురా తల్లీ అని మొక్కింది. ఎడమ చక్రానికి కూడా పెడదామని లేచేసరికి గులకరాళ్ళ మీద బాబా చెప్పుల చప్పుడు. చెయ్యి వెనక్కి దాచుకుంది.

బాబా వచ్చి, కళ్ళద్దాలు నెత్తి మీదికి తోసుకుని, రెండు చక్రాలకీ తెల్లటి తొడుగులు తగిలించి మరలు బిగించేశాడు. పళ్ళేలు రెండూ లోపలికి పోయాయి. ఆ రాత్రి రెడ్డెమ్మ ఒళ్ళు తెలియకుండా హాయిగా నిద్రపోయింది, పాపం.

శుక్రవారం ఆమెకి సెలవు. మనవాళ్ళు ఎక్కువుండే అబ్బాసియా పోయి కరివేపాకు కొనుక్కుని, అలవాటుగా నస్రీన్ వాళ్ళ గదికి వెళ్ళింది. నస్రీన్ది రాయచోటే. మొగుడు వసీమ్ కార్ల గ్యారేజీలో పనిచేస్తాడు. సెలవైనా చేతుల నలుపు పోనట్టే, గ్యారేజీ కబుర్లూ వాడి నోటి నుంచి పోవు.

"మనోళ్ళ తెలివి ఏం జెప్పమంటావ్ క్కా," అన్నాడు వసీమ్ దోసె తుంచుతూ. "నిన్న ఒగాయప్ప బండి లాక్కోనొచ్చినారు. సాల్మియాలో సముద్రం పక్కన పెడతాడంట. గాలికి బ్రేకు ప్లేట్లు తుప్పు పడతాండాయని కొబ్బరినూనె పూసినాడంట. గోడకు పోయి కొట్టినాడు."

రెడ్డెమ్మ చేతిలో దోసె అక్కడే ఆగింది. "ఏ ప్లేట్లు?"

"చక్రం ఎనక తళతళమంటా ఉంటాది సూడు, స్టీలుది. దాన్ని రెండుపక్కలా ప్యాడ్లు కరుసుకుంటేనే బండి నిలబడేది. నూనె తగిల్తే యాడ కరుసుకుంటాది? జారిపోతాది."

"శానా పూసినాడేమో."

"శానా ఏంటికి, బొట్టంత సాలు. ప్యాడు దాన్ని పీల్చుకుంటాది. ఇంగ ఆ ప్యాడు సెత్తలోకే. అందులోనూ ఒగ పక్క నూనె తగిలి ఒగ పక్క తగలకపోతే ఇంగా మోసం. పట్టినపక్క పడతాది, పట్టనిపక్క ఉరకతాది, బండి గిర్రున తిరుగుతాది." వసీమ్ ఆమె మొహం చూసి ఆగాడు. "ఏందిక్కా, అట్లయిపోయినావు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు రెడ్డెమ్మ చెయ్యి చీరకి తుడుచుకుంటోంది. పసుపు నిన్ననే కడిగేసింది. అయినా తుడుస్తూనే ఉంది. చెప్పింది. చెప్పడం పూర్తయ్యేసరికి నస్రీన్ పొయ్యి ఆపేసి వచ్చి పక్కన కూర్చుంది.

"ఇప్పుడే ఫోన్ జేసి సెప్పు," అన్నాడు వసీమ్.

"ఏమని సెప్పాల? మీ ఇమానానికి పసుపు పూసినా అని సెప్పాల్నా? సిహర్ అంటారు, వసీమూ."

ఆ మాటకి వసీమ్ దోసె పళ్ళెం పక్కకి జరిపాడు. సిహర్ అంటే చేతబడి. బాబా వాళ్ళ వీధిలోనే ఒక ఇంట్లో పనిమనిషి దిండు కింద నిమ్మకాయ దొరికితే, అది ఎందుకు పెట్టుకుందో అడగనైనా అడగకుండా ఆమెను పోలీసుల దగ్గరికి తీసుకుపోయారు. తర్వాత ఆమె చెప్పులు మాత్రం వాకిట్లో కొన్నాళ్ళు పడి ఉన్నాయి. రెండేళ్ళ కిందట రెడ్డెమ్మ తన గది తలుపుకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టుకుంటే, మామా దాన్ని కర్రతో తీయించి వీధి చివర చెత్తలో వేయించింది. ఇంకోసారి ఇలాంటిది నా ఇంట్లో కనపడితే నీ ఇఖామా నీ చేతిలో పెట్టి ఊరికి పంపేస్తాను అంది. అదేమో తలుపు. ఇదేమో ఆమె మొగుడు ఎక్కబోయే విమానం, అదీ దొంగచాటుగా.

"సెప్తే నిన్ను ఎవురూ కాపాడలేరు, నిజమే," అన్నాడు వసీమ్ చివరికి. "సెప్పకపోతే ఆయప్పను ఎవురు కాపాడతారు?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తిరుగు బస్సులో రెడ్డెమ్మ కరివేపాకు సంచి ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క ఆకే తుంచి పారేస్తూ కూర్చుంది. దిగేసరికి ఈనెలు మిగిలాయి.

సాయంత్రం బాబా వాకిట్లో కూర్చుని ఖర్జూరం తింటుంటే దగ్గరికి పోయింది. నిజం చెప్పకుండా పని జరిగే ఉపాయం ఒకటి దారిలో తట్టింది. తెలివి అనుకుంది దాన్ని.

"బాబా, నిన్న గుడ్డ మీద చుక్క చూశాననుకుంటా. ఎర్రది. రేపు వద్దు. మళ్ళీ అంతా విప్పి చూడండి."

బాబా నోట్లోని గింజ తీసి పళ్ళెంలో పెట్టాడు. "నిన్న లేదన్నావు."

"ఉందేమో. కళ్ళు సరిగా కనపడలేదు."

"ఏ చక్రం?"

"కుడిది."

ఆయన ఇంకో ఖర్జూరం తీసుకోబోయి మానేశాడు. "సరే, పొద్దున చూద్దాం," అన్నాడు.

వంటింట్లోకి వచ్చాక రెడ్డెమ్మకి అన్నం గిన్నె ఎందుకు తీసిందో గుర్తు రాలేదు. మామా రెండుసార్లు లోపలికి వచ్చి, ఏమీ అడగకుండానే వెళ్ళిపోయింది. మామాకీ ఆ పూట కాలు నిలవడం లేదని గమనించే స్థితిలో రెడ్డెమ్మ లేదు. తేలు కుట్టిన దొంగకి పక్కవాడి మొహం కనపడదు.

శనివారం పొద్దున ముగ్గురూ కారులో బయలుదేరారు. మామా కూడా వస్తానంది. షెడ్డు తలుపు తెరవగానే బాబా నేరుగా కుడి చక్రం దగ్గరికి పోయి, కింద గుడ్డ లాగి వెలుతురులో పట్టి చూశాడు. మల్లెపువ్వులా ఉంది. తొడుగు కింద వేలు పెట్టి గొట్టం తడిమాడు. పొడిగా ఉంది. విమానంలో కూర్చుని పెడళ్ళు తొక్కి చూశాడు. రాయిలా గట్టిగా ఉన్నాయి.

"చుక్క లేదు, రెడ్డెమ్మా."

ఆమె తల వంచుకుంది.

"నీ కన్ను తప్పు చూడదు. మరి నిన్న ఎందుకలా చెప్పావు?" ఆయన గొంతులో కోపం లేదు. అదే ఆమెకి కష్టంగా ఉంది. "భయంగా ఉందా? మామా చెప్పమందా?"

"లేదు బాబా."

"బ్రేకు సంగతిలో అబద్ధం చెప్పకూడదు. భయమైతే భయమని చెప్పు. నాకూ భయమే."

ఆయన విమానాన్ని బయటికి తోయించాడు. పసిపిల్లాడిలా తేలిగ్గా కదిలింది అది. మామా కారులోనే కూర్చుని అద్దం దింపింది. ఆమె పెదాలు కదులుతున్నాయి. బాబా ఎక్కి, బెల్టు బిగించుకుని, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, రెడ్డెమ్మ వైపు చెయ్యి ఊపాడు. చక్రాల కింద అడ్డుపెట్టిన చెక్కదిమ్మలు తీయడం ఆమె పని. ఎన్నోసార్లు తీసింది, ఊరికే ఇంజన్ పరీక్షకి.

ఎడమ దిమ్మ తీసింది. కుడివైపు వచ్చింది. వంగింది. తెల్ల తొడుగు ఆమె మొహానికి జానెడు దూరంలో ఉంది. దాని లోపల తన పసుపు ఉంది. ఒక పక్క నూనె తగిలి ఒక పక్క తగలకపోతే బండి గిర్రున తిరుగుతుంది. ఎడమ చక్రానికి కూడా పూసి ఉంటే బాగుండేదేమో అని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

"షీలీ," అని అరిచాడు బాబా, తియ్యి అని.

రెడ్డెమ్మ దిమ్మ తీయలేదు. దాని పక్కనే నేల మీద కూలబడింది. కాళ్ళు చాపుకుని చక్రానికి అడ్డంగా కూర్చుంది, ధాన్యం కల్లంలో కూర్చున్నట్టు. పంపినా పంపనీ అనుకుంది. ఈ ముసలాయన్ని చంపుకుని నేను ఆ ఇంట్లో ఏ మొహంతో వంట చెయ్యాల?

బాబా హెడ్‌ఫోన్ తీసి, బెల్టు విప్పుకుని, తిట్టుకుంటూ దిగి వచ్చాడు. "ఏమైంది నీకు?"

"బాబా, చుక్క అబద్ధం. కానీ బ్రేకు మంచిది కాదు. నేను నూనె పూశాను. లోపల, ఆ పళ్ళేనికి. కుడిదానికి."

"నువ్వు నూనె పూశావు," అన్నాడు ఆయన, ప్రతి మాటా విడివిడిగా.

"కొబ్బరినూనె. పసుపు కలిపి. మా ఊళ్ళో కొత్త బండికి పెడతాం. సిహర్ కాదు బాబా. దుఆ. ఎక్కినాయన ఇంటికి రావాలని దుఆ. నూనె తగిలితే బ్రేకు పట్టదని నాకు తెలీదు. నిన్న తెలిసింది."

గోరుచుట్టు మీద రోకటిపోటులా, అప్పుడే కారు తలుపు చప్పుడైంది. మామా దిగి వస్తోంది. సిహర్ అన్న ముక్క గాలిలో కారు దాకా పోయినట్టుంది. బాబా షెడ్డులోకి పోయి స్క్రూడ్రైవరు తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, కుడి తొడుగు విప్పాడు. లోపల పళ్ళెం మీద పసుపు చెదిరి ఉంది, సగం ప్యాడ్లలోకి పోయింది. బాబా వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మామా అది చూసి ఆగిపోయింది. ఆమె మొహం పాలిపోయింది.

రెడ్డెమ్మ ఆమెకి దణ్ణం పెట్టబోయి, ఆ దణ్ణం కూడా తప్పవుతుందేమోనని చేతులు దించేసింది.

బాబా లేచి ఎడమవైపు వెళ్ళాడు. ఒకటి విప్పాక రెండోది చూడకుండా ఉండే మనిషి కాదు. మరలు విప్పి, తొడుగు లాగి, వంగి పళ్ళెం దగ్గర వాసన చూశాడు.

"రెడ్డెమ్మా. ఒక్క చక్రమే అన్నావు."

ఆమె పోయి వంగి చూసింది. పసుపు లేదు. కానీ పళ్ళెం మీద నూనె నిగనిగలాడుతోంది, వేలి గీతలతో సహా. పచ్చి ఆలివ్ వాసన. ఆ వాసన రెడ్డెమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు. మామా మంచం పక్క సొరుగులో చిన్న సీసా ఉంటుంది, ఖురాన్ చదివి ఊదించిన నూనె. తలనొప్పి వచ్చిన రోజుల్లో రెడ్డెమ్మే దాన్ని మామా నుదుటికి రాసేది. మోకాళ్ళ దగ్గర దుమ్ము, కారులో ఫ్లాస్కు, తుడుచుకున్న వేళ్ళు, అన్నీ ఒక్కసారి వచ్చి వరసలో నిలబడ్డాయి.

మామా సంచిని పొట్టకి అదుముకుని నిలబడి ఉంది. ఆమె కళ్ళు రెడ్డెమ్మని చూస్తున్నాయి. ఆ చూపులో హుకుం లేదు. పన్నెండేళ్ళలో మొదటిసారి ఆమె ఏదో అడుగుతోంది.

"ఇదీ నువ్వేనా?" అన్నాడు బాబా.

పడిన మట్టి ఎలాగూ నెత్తిన పడింది, ఇంకో తట్ట ఎక్కువైతే ఏం?

"నేనే బాబా," అంది రెడ్డెమ్మ.

"దీంట్లో పసుపేది?"

బ్రేకు సంగతిలో అబద్ధం చెప్పకూడదని ఇందాకే అన్నాడు. ఆమె అప్పుడే రెండోది చెప్పేసింది.

"ఆమె కాదు," అంది మామా.

బాబా తల తిప్పాడు.

"ఆమె కాదు. అది నాది." మామా గొంతు మొదట్లో సన్నగా వచ్చి, పోనుపోను పెరిగింది. "ఏళ్ళ నుంచి వద్దని చెప్తూనే ఉన్నాను. విన్నావా? గుండెకి మందులు మింగుతూ గాలిలోకి పోతానంటావు. నేనేం చెయ్యాలి? రాత్రిళ్ళు నువ్వు గురక పెడతావు, నేను కప్పు చూస్తూ పడుకుంటాను. నా దగ్గర ఉన్నది ఆ నూనె ఒక్కటే. పూశాను."

రెడ్డెమ్మ నోరు తెరుచుకుని ఆమెను చూసింది. ఆయన కోసం భయపడేది ఆ ఇంట్లో తనొక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ.

బాబా కళ్ళద్దాలు తీసి ఒంటి మీది దిష్‌దాషా అంచుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకుని కుడి చక్రాన్ని చూశాడు, ఎడమ చక్రాన్ని చూశాడు. రెడ్డెమ్మ తీయని దిమ్మ మీద కూర్చుని, భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"నేను బతకాలని," అన్నాడు, "రెండు బ్రేకులూ తీసేశారు."

మామా సంచి తెరిచి టిష్యూల పెట్టె తీసింది. ఎడమ చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని తుడవబోయింది.

"టిష్యూతో పోదు మామా," అంది రెడ్డెమ్మ. "ప్యాడ్లు పీల్చుకున్నాయి. మార్చాలి."

మామా ఆమె వైపు చూసి, "పసుపు కూడా పీల్చుకుందా?" అంది. అందులో వెటకారం ఎంతుందో రెడ్డెమ్మ తేల్చుకోలేకపోయింది.

"పీల్చుకుంది మామా."

"ఇంకోసారి పెడితే నాకు చెప్పి పెట్టు," అంది మామా, టిష్యూ నలిపి సంచిలో వేసుకుంటూ.

కొత్త ప్యాడ్లు రావడానికి వారాలు పట్టింది. ఎలాగూ విప్పాం కదా అని బాబా లోపలి రబ్బరు వలయాలు కూడా మార్చాడు. పళ్ళేలని ఏదో ఘాటైన ద్రవంతో కడిగి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, మళ్ళీ కడిగాడు. బ్రేకు నూనె అంతా కారిపోయింది కాబట్టి, గాలి తీసే పని మొదటికొచ్చింది.

ఆ రోజు రెడ్డెమ్మ మళ్ళీ తల కిందికి వేలాడేసి పెడళ్ళ మధ్య దూరింది. పక్క సీట్లో మామా కూర్చుంది, అబాయా ఎత్తి పట్టుకుని, ముళ్ళ మీద కూర్చున్నట్టు. అందులో కాలు పెట్టడం ఆమెకి అదే మొదలు. నువ్వే తొక్కి చూడు, గట్టిగా ఉంటేనే ఎగురుతాను, లేకపోతే లేదు అని బాబా ఆమెను కూర్చోబెట్టాడు. కింద ఆయన డబ్బా నొక్కుతున్నాడు. ఎర్ర నూనె సన్న గొట్టంలో నెమ్మదిగా ఎక్కుతోంది.

మామాకి ఏ పనైనా తెమిలిపోవాలి. కూర ఉడుకుతుండగానే ఖలాస్ అనే మనిషి. రెండు నిమిషాలు గడిచాయో లేదో, కాలితో నేలని తడుతూ అడగడం మొదలుపెట్టింది.

"ఖలాస్?"

రెడ్డెమ్మ గొట్టాన్ని వేలితో తట్టింది. గొట్టంలో నూనె నిండుగా ఉంది.

"ఖలాస్, ఖలాస్. చాలు, లే," అంది మామా. కింద బాబా చెయ్యి ఆగింది.

పన్నెండేళ్ళలో రెడ్డెమ్మ ఆ ఇంట్లో మామాకి ఎదురు చెప్పింది లేదు. గొట్టం వంపు దగ్గర, ఆవగింజంత, ఒకటి అంటుకుని ఉంది.

"లా మామా," అంది. "ఇంకోటి ఉంది. కూర్చోండి."

మామా కాలు ఆగింది. పైనుంచి వంగి, ఆ ఎర్ర గొట్టం వైపు తనూ చూసింది. కింద బాబా మళ్ళీ డబ్బా నొక్కాడు.